గాలీ వెలుతురూ ధారాళం

కథ జరిగే చోటును ఎలా వర్ణించాలో మా వీధి పిల్లలకు నేర్పే పెద్దమనిషిని అందరూ బ్రోషర్ మాస్టారు అంటారు. ఒకప్పుడు ఫ్లాట్లు అమ్మే కంపెనీలో బ్రోషర్లు రాసేవాడు. మురిక్కాలువను 'జలదృశ్యం' అని రాసిన చెయ్యి అది. కంపెనీ మూతపడ్డాక ఆ చెయ్యి ఖాళీగా ఉండలేక పిల్లల మీద పడింది.

పాఠం చెప్పేది మెట్ల కింద గదిలో. కిటికీ లేదు, పట్టపగలు కూడా ట్యూబులైటు వెలగాల్సిందే. గోడకు చెమ్మ పట్టిన చోట జలపాతం పోస్టరు అంటించాడు. కథ ఎక్కడ జరుగుతోందో ముందు చూపించాలన్నది మంచి మాటే. కానీ ఆయనకు తెలిసిన చోటు ఒక్కటే, అమ్మకానికి పెట్టినది. ఆయన శిష్యులు రాసే రాక్షసుడి గుహలో గాలీ వెలుతురూ ధారాళం. కీకారణ్యానికి బస్టాపు కూతవేటు దూరం. అందులో దారి తప్పాలన్నా కుదరదు.

నేను సైన్సు చదివినదాన్ని. కంటికి కనిపించిందే రాయమని మాకు నేర్పారు. కానీ పెద్ద బడిలో సీటు రావాలంటే బొమ్మ చూసి కథ చెప్పాలి. అది రాకపోతే ఎలాగన్న బెంగతో మా అమ్మాయిని ఆయన దగ్గరికే పంపాను. ఒకసారి అది ఆ గదినే వర్ణిస్తూ, గోడ తడి సాక్సుల వాసన వేస్తోందని రాసింది. ఆయన కొట్టేశాడు. అడుగుదామని వెళ్లాను.

"ఉన్నదున్నట్టు రాస్తే దాన్ని వర్ణన అంటారామ్మా?" అన్నాడు, నా మీద జాలిపడుతూ. సీటు గుర్తొచ్చి మర్నాడు కూడా దాన్ని ఆయన దగ్గరికే పంపాను.

పరీక్ష రోజు హెడ్మిస్ట్రెస్ ఒక బొమ్మ చూపించింది. వానలో పాడుబడ్డ ఇల్లు, గుమ్మంలో ఏడుస్తూ ఒంటరిగా ఒక పాప. మా అమ్మాయి చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పింది: విశాలమైన గదులు, ప్రశాంతమైన వాతావరణం, పక్కనే మార్కెట్టు. ఆ పాప ఊసే లేదు. హెడ్మిస్ట్రెస్ మురిసిపోయి, ఈ వయసులో ఇంత భాషా అంటూ అక్కడికక్కడే సీటు ఇచ్చేసింది. ఆవిడకు ఎండిన బావినైనా అంటగట్టొచ్చు.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని అడిగాను. "ఆ పాప గురించి ఏమీ చెప్పలేదేమే?"

"తను అక్కడుంటే ఇల్లు బాగోదు కదమ్మా," అంది మా అమ్మాయి. "అందుకే లోపలికి పంపించేసి తలుపేసేశా."