జమాల్‌బీ ఊదిన కెంపు

బోగోలులో రాయి అసలుదో గాజుదో తేల్చాలంటే జమాల్‌బీ దగ్గరికే రావాలి. డాక్టరుకైనా గొట్టం కావాలేమో కానీ ఆమెకు ఊపిరి చాలు. రాయి మీద ఊదుతుంది. పట్టిన ఆవిరి చిటికెలో ఆరిపోతే అసలు, అద్దం మీదలా నిలిస్తే గాజు. ఇది నేర్పినవాడు మొగుడు దరియావలి. రాళ్లు పొదగడంలో అంతటి నిఖార్సయిన పనివాడు లేడని పేరు. అతను పోయి ఏళ్లయినా, ఆ పేరే ఆమెకింత అన్నం పెడుతోంది.

అరవై రెండో సంవత్సరం చలికాలంలో ఒక పొద్దున, ఆదిశేషమ్మ తన కోడలు చెంచమ్మను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. జమాల్‌బీ ఒళ్లో కెంపుల పతకం పడేసింది.

"పెళ్లికి నేను పెట్టిన పతకంలో నడిమి రాయి వెలవెలబోతా ఉంది జమాల్‌బీ. ఇది పుట్టింటికి పొయ్యొచ్చినాకే ఇట్టయింది. మార్చేసినట్టుంది. గాజని తేలిందా, ఇంక నా గడప తొక్కనీను!"

చెంచమ్మకు ఏడుపు కూడా రావడం లేదు. కొత్త కాపురం, ఏడాదైనా నిండలేదు. జమాల్‌బీ పెదాలకేసే చూస్తోంది.

జమాల్‌బీ ఊదింది. ఆవిరి అలాగే నిలిచింది.

"చూసినావా!" అని లేచింది ఆదిశేషమ్మ.

"ఉండక్కా."

సూదిమొనతో రాయిని పైకెత్తింది. కింద రాయిని పట్టి ఉంచే లక్క చెక్కుచెదరలేదు. అందులో తెల్లటి నలుసులు మెరిశాయి. ఎవరైనా లక్కలో ఇటుకపొడి కలుపుతారు. ఒక్క దరియావలే సముద్రపు గవ్వల పొడి కలిపేవాడు. దాన్ని నూరింది ఆమె చేతులే. అంటే అతను పొదిగాక ఈ రాయిని మరెవరూ కదపలేదు.

నోరు మూసుకుంటే మొగుడి పేరు నిలుస్తుంది, ఈ పిల్ల కాపురం కూలుతుంది.

"ఈ బిడ్డ తప్పు కాదక్కా. నీకు చేసిచ్చిన నాడే ఇది గాజు. మా ఆయనే పెట్టినాడు. ఈ లక్కలో గవ్వపొడి నేను నూరిందే."

ఆదిశేషమ్మ చూపు జమాల్‌బీ వేలి మీద ఆగింది.

"నేను కెంపులిచ్చి ఈ పతకం చేయించుకున్న ఏడే గదా, నీకు ఆ కెంపుటుంగరం పెట్టినాడు?"

ఊరందరి రాళ్ల మీదా ఊదిన జమాల్‌బీ, దాని మీద మాత్రం ఎన్నడూ ఊదలేదు. మొగుడు ప్రేమగా పెట్టినదానికి పరీక్షేమిటని. ఇప్పుడు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఇది గాజైతే చాలు అల్లా, అని వేడుకుంటూ ఊదింది.

ఆవిరి చిటికెలో ఆరిపోయింది.

వేలు ఉబ్బి ఉంగరం ఊడిరాలేదు. లేచి కొబ్బరినూనె రాసుకుని లాగింది. తెచ్చి చెంచమ్మ అరచేతిలో పెట్టింది.