మొహం చూసి రాసిన బీపీ

టైలరమ్మ చేతిలో టేపు లేనిదే కత్తెర ఆడదు. కన్నతల్లి జాకెట్టుకైనా సరే, కొత్తగా కొలతలు తీయాల్సిందే. "పోయిన నెలేగా తీశావ్!" అని ఎవరైనా విసుక్కుంటే, "పోయిన నెల ఒంటికి కాదు కదమ్మా కుట్టేది" అని నోరు మూయించేది. అంతటి మనిషీ తన ఒంటి సంగతి మాత్రం వదినకి వదిలేసింది.

వదినంటే మొగుడి అక్క, ఆరోగ్య కేంద్రంలో నర్సు. టైలరమ్మ నెల తప్పిందని తెలిసిన రోజే, "మనవాళ్ళకి లైనెందుకు? చెకప్పుల కార్డు నేను చూసుకుంటాలే. ఇరవై ఏళ్ళ సర్వీసు, మొహం చూసి బీపీ చెప్పేస్తా" అంది. నెలనెలా ఇంటికొచ్చి, టీ తాగుతూ కార్డు నింపేది. ప్రతిసారీ నూట పది, డెబ్భై. ఇలాంటి ఆడపడుచు ఎందరికి దొరుకుతుందని టైలరమ్మ షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది, పిచ్చిది.

ఏడో నెలలో కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. మొహం ఉబ్బింది. "కడుపుతో ఉంటే మామూలేలే" అంది వదిన. తల పగిలిపోతోందంటే నిద్ర చాల్లేదంది. ఒక మధ్యాహ్నం సూదిలోకి దారం ఎక్కిస్తుంటే కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి, డొక్క కింద నొప్పి పొడుచుకొచ్చింది. జాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మే పెద్దాసుపత్రికి చేర్చింది.

అక్కడ బీపీ నూట ఎనభై దాటింది. మూత్రంలో ప్రోటీను పోతోంది. వెంటనే ఆపరేషన్ చేసి, కిలో కూడా తూగని ఆడపిల్లని తీసి అద్దాల పెట్టెలో పెట్టారు.

"ఇది నిన్న మొన్నటిది కాదమ్మా" అంది డాక్టరమ్మ మర్నాడు. "కడుపులో బిడ్డకి తిండి అందించే మాయకి రక్తం తెచ్చే నాళాలు మొదట్లోనే సరిగ్గా విచ్చుకోలేదు. ఐదో నెల దాటాక బీపీ మెల్లగా పైకెళ్ళింది. మనిషికి తెలీదు, కొలిస్తేనే తెలుస్తుంది. ముందే పట్టుకునుంటే, మందులిచ్చి బిడ్డని ఇంకొన్నాళ్ళు లోపలే ఉంచడానికి చూసేవాళ్ళం."

నెలనెలా కార్డులో పడ్డ ఆ నూట పది, డెబ్భై టైలరమ్మకి గుర్తొచ్చింది. నమ్మించి గొంతు కోసింది వదిన!

సాయంత్రం మొగుడొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "అక్క ఏడుస్తోందే. ఉద్యోగం పోతుందట. చెకప్పులకి నువ్వే వెళ్ళకుండా, అక్కని బతిమాలి కార్డు రాయించుకున్నావని చెప్పు" అన్నాడు. అంటే, కన్నబిడ్డని గాలికొదిలేసిన తల్లన్న పేరు తను మోయాలి. వదిన చేసింది ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

అంతలో డాక్టరమ్మ రౌండుకొచ్చింది. "ప్రతి నెలా బీపీ చూపించుకున్నావా?"

మొగుడు ఆమె చెయ్యి నొక్కాడు. టైలరమ్మ చెయ్యి లాక్కుంది.

"నాకెవరూ చూడలేదండీ. మా వదిన మా ఇంట్లో కూర్చుని రాసేసింది. నేనే వెళ్ళకుండా రాయించుకున్నానని చెప్పమని ఈయన ఇప్పుడే అడిగారు. నా బిడ్డ దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. ఈయన్ని మాత్రం రానివ్వకండి."