జెమా మెహెర్ ఇత్తడి పెట్టె

ఒడిశాలోని బర్‌పాలి నేతవీధిలో జెమా మెహెర్ పేరెత్తితే ఇప్పటికీ ఎవరో ఒకరు "మా పిల్లే" అంటారు. వీధి ఆమెను కన్నమాట నిజమే గానీ, ఆమెను చదివించింది మాత్రం వాళ్ల అన్న నొప్పులు.

అన్న పేరు ఖగేశ్వర్, ఆరేళ్లు పెద్ద. నూలుకి ముడులు కట్టి రంగులో ముంచడంలో ఆ వీధిలో అతని తర్వాతే ఎవరైనా. అతను కట్టిన ముడి విప్పితే చేప బొమ్మ చీరంచు మీద ఈదుతున్నట్టే ఉండేది. అలాంటివాడు రెండు నెలలకోసారి మగ్గం మీంచి లేచి మూలకి పోయి పడుకునేవాడు. ఎముకల్ని రోకలితో దంచుతున్నట్టు నొప్పి. కళ్లు పసుపుముద్దలు. మోకాళ్లు కడుపులో పెట్టుకుని మూడు రోజులు మూలుగుతూ ఉండేవాడు. పని ఎగ్గొట్టే వేషాలని కొందరన్నారు. గాలి సోకిందని ఇంకొందరన్నారు. దయ్యాలు వదిలించే గుణియా వచ్చి వేపమండలతో కొట్టి పోయాడు.

జెమా ఇంటర్ సైన్సు పూర్తయిన ఏడాది ఖగేశ్వర్‌కి నొప్పి గుండెల్లోకి పాకింది. సంబల్‌పూర్ తీసుకుపోయారు. అక్కడ రక్తం చూసిన డాక్టరమ్మ బినోదినీ హోతా, మంచం పక్కనే నిలబడ్డ జెమాని పిలిచి, "సూక్ష్మదర్శినిలో చూస్తావా?" అంది.

చూసింది. కొన్ని కణాలు మధ్యలో బొటనవేలితో నొక్కిన అరిసెల్లా గుండ్రంగా ఉన్నాయి. కొన్ని అచ్చం కొడవళ్లు.

"ఇవే గుచ్చుకుంటున్నాయా మేడం?"

"గుచ్చుకోవు, ఇరుక్కుంటాయి. కణంలో ప్రాణవాయువు ఉన్నంతసేపూ మెత్తగానే ఉంటుంది. అది ఒంటికి ఇచ్చేశాక లోపలి ఎర్రపదార్థం దారాల్లా పేనుకుపోయి బిగుసుకుంటుంది. బిగుసుకున్న కణం సన్నటి నాళంలో అడ్డం పడుతుంది. వెనకాల వచ్చేవన్నీ ఆగిపోతాయి."

"ప్రాణవాయువు ఇచ్చేసిన వెంటనే బిగుసుకుంటుందా?"

డాక్టరమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. తన దగ్గర చదువుకునే కుర్ర డాక్టర్లు కూడా అడగని ప్రశ్న అది. "లేదు. కొంచెం సేపు పడుతుంది. ఆ సేపట్లో ఇరుకుసందు దాటేసి మళ్లీ ఊపిరితిత్తులకి చేరుకుంటే ఏ నొప్పీ లేదు."

"అయితే పరుగుపందెమే!"

"పందెమే. కణాన్ని మనం పరిగెత్తించలేం. బిగుసుకోవడాన్ని ఆలస్యం చేయగలిగితే చాలు. నా పనంతా అదే."

జెమా ఇంటికొచ్చి అమ్మతో చెప్పింది, పెళ్లి మాట రెండేళ్లు ఎత్తొద్దని. లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. చదువైన పదో రోజున పని అడగడానికి వెళ్లి డాక్టరమ్మ గుమ్మం ముందు నిలబడింది.

హోతా మేడం ప్రయోగశాల అంటే పెద్దదేం కాదు. ఒక గది, రెండు కిటికీలు, ఒక సూక్ష్మదర్శిని, నత్రజని సిలిండరు. పలచటి గాజుగూట్లో రక్తపు చుక్క వేస్తారు. నత్రజని పంపి ప్రాణవాయువుని తరిమేస్తారు. అప్పట్నుంచి చేతిలో గడియారం పెట్టుకుని, ఎన్నో సెకనుకి ఏ కణం బిగుసుకుందో లెక్కపెట్టాలి. ఒక్కో మనిషి రక్తంలో రెండొందల కణాలు. మామూలు మనుషులకి మధ్యాహ్నానికే తల తిరుగుతుంది. జెమా పుట్టింది పోగులు లెక్కపెట్టే ఇంట్లో. సాయంత్రం దాకా తల ఎత్తేది కాదు.

ఆ చలికాలంలోనే మేడం ఒక మందు పరీక్ష మొదలుపెట్టింది. పాతమందే, రోజుకో గొట్టంమాత్ర, తక్కువ మోతాదులో. పసిపిల్లల రక్తంలో ఉండే మంచి ఎర్రపదార్థాన్ని అది పెద్దవాళ్లలో మళ్లీ పుట్టిస్తుంది. అది కలిస్తే దారాలు తొందరగా పేనుకోవు. మాత్ర మొదలుపెట్టేముందు డిసెంబరులో యాభైమంది రక్తాన్ని జెమా చూసింది. అందులో ఖగేశ్వర్ ఒకడు. మళ్లీ మే నెలలో అందరినీ పిలిచి చూసింది.

లెక్కలు చూసి మేడం కుర్చీలో వెనక్కి వాలిపోయింది. మాత్ర వేసుకున్నాక కణాలు ఆలస్యంగా బిగుసుకోవాలి కదా. ఇంకా తొందరగా బిగుసుకుంటున్నాయి. ఒక్కరికి కాదు, యాభైమందికీ.

"మందు ఆపేయాలి," అంది మేడం. "ఈ పరీక్షకి అనుమతిచ్చిన కమిటీకి రాసేస్తాను. మేలు చేయకపోతే పోయె, కీడు చేస్తుంటే ఎలా ఇస్తాం?"

జెమా ఆ ఆదివారం బర్‌పాలి వెళ్లింది. మాత్ర ఆపేస్తారని అన్నకి ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది. ఖగేశ్వర్ మగ్గం మీద ఉన్నాడు. ఎర్రటి పట్టుచీర సగానికి పైగా నేశాడు.

"ఏం నూనీ, అత్తారింటి గుమ్మంలోలా నిలబడ్డావు?" అన్నాడు. చెల్లెల్ని చిన్నప్పట్నుంచీ 'నూనీ' అనే పిలుస్తాడు, చిన్నమ్మలూ అన్నట్టు.

"దాదా, నొప్పి ఎప్పుడొచ్చింది చివరిసారి?"

"నొప్పా? మాఘంలో ఒకసారి కాస్త లాగింది. అంతే. ఇది ఈ ఏడాది మూడో చీర. అమ్మనడుగు, అన్నం కుండలో నేను అడుగు మిగలనిస్తున్నానేమో!"

"మిగల్చడు. నీకని దాచిన పఖాళ చద్ది కూడా పొద్దున్నే తాగేశాడు," అంది అమ్మ లోపల్నుంచి.

తిరుగుబస్సులో జెమాకి కూర్చున్నచోట కుదురు లేదు. గడియారం ఒకమాట చెబుతోంది, అన్న ఒళ్లు ఇంకోమాట చెబుతోంది. అన్న అబద్ధం ఆడడు. గడియారానికి అబద్ధం ఆడే తెలివి లేదు. మరి ఎక్కడుంది తిరకాసు?

మర్నాడు పాత నోటుపుస్తకాలు ముందేసుకుంది. రంగుతొట్టి దగ్గర పెరిగిన మనిషికి ఒక అలవాటు ఉంటుంది. ఎండ ఎలా ఉంది, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి అని చూడకుండా నూలు ముంచరు. ఆ అలవాటు కొద్దీ జెమా ప్రతి పేజీ మూలన ఆ రోజు వాతావరణం గీకేది. 'చలి, శాలువాతో కూర్చున్నా.' 'కిటికీ మూశాం.' 'వడగాలి, ఫ్యాను ఆపాం.' ఎవరూ అడగనిది, ఎవరూ చదవనిది. ఆ మూలల్ని చదువుకుంటూ పోతే, చలి రోజుల్లో అందరి కణాలూ నింపాదిగా బిగుసుకున్నాయి. వడగాలి రోజుల్లో అందరివీ టకటకా బిగుసుకున్నాయి. మామూలు పరీక్షకని వచ్చిన, మాత్ర వేసుకోని వాళ్లవి కూడా.

అన్నకి ఫోన్ చేసి రప్పించి, ఒక్కసారే రక్తం తీసింది. సగం చూసేటప్పుడు గాజుగూటి చుట్టూ మంచుముక్కలు పేర్చింది. మిగతా సగం చూసేటప్పుడు కిటికీ తెరిచి వడగాలి రానిచ్చింది. ఒకే మనిషి, ఒకే రక్తం. మంచులో కణాలు బిగుసుకోవడానికే మొరాయించాయి. వడగాలికి నిమిషమైనా ఆగలేదు.

"మేడం, మనం మందుని కొలవలేదు. సంబల్‌పూర్ ఎండని కొలిచాం."

హోతా మేడం ఆ రెండు లెక్కల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత నుదురు కొట్టుకుని నవ్వింది. "చల్లబడితే ఆ దారాలు విడిపోతాయని నేనే పాఠం చెబుతాను జెమా. పుస్తకంలో ఉన్నది గదిలో కనపడలేదు నాకు! ఒంటివేడి దగ్గరే చూడాలి, చలికాలమైనా ఎండాకాలమైనా. అలాంటి యంత్రాలు విదేశాల్లో దొరుకుతాయి. మనకొచ్చేసరికి రెండేళ్లు. కమిటీ మూడు వారాల్లో వస్తోంది."

"పెట్టె లాంటిదే కదా మేడం? నీళ్లు తిరిగే పెట్టె?"

బర్‌పాలి దగ్గర ఇత్తడిపని చేసే కంసారి వాడలో దైతారి అనే ముసలాయన ఉండేవాడు. ఊళ్లో సగం పెళ్లిబిందెలు అతని చేతివే. జెమా కాగితం మీద గీసి చూపించింది. చదరంగా పెట్టె, మధ్యలో గాజుగూడు పట్టేంత తొర్ర, గోడల లోపల నీళ్లు పారే దారి.

దైతారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో ఏం వండుతావే పిల్లా?"

"రక్తం."

"రామ రామ! మెహెర్ల పిల్లకి పట్నం గాలి గట్టిగానే కొట్టింది," అన్నాడు గానీ, ఎందుకని అడిగాడు. చెప్పింది. ముసలాయన సుత్తి పక్కన పెట్టి, "నా కోడలికీ ఆ నొప్పే," అన్నాడు మెల్లిగా. మూడు రోజుల్లో పెట్టె చేశాడు. సూది దూరే సందు కూడా లేకుండా అతికాడు. జెమా దానికి చేపలతొట్టి పంపు తగిలించింది. పెద్ద థర్మాసులో వేడినీళ్లు పోసి, ఉష్ణమాపకం చూస్తూ, చల్లబడినప్పుడల్లా గ్లాసెడు వేడినీళ్లు కలిపింది. ముప్పై ఏడు డిగ్రీలు. ముల్లు అటూ ఇటూ జరగలేదు.

కానీ పోల్చడానికి, మాత్ర వేసుకోకముందటి డిసెంబరు రక్తం మళ్లీ ఎక్కణ్ణుంచి తేవాలి? దానికీ దారి దొరికింది. మాత్ర కోసం పేరు రాయించుకుని, ఇంకా వంతు రాని వాళ్లు ఆ పల్లెల్లోనే ఉన్నారు. వాళ్లనీ వీళ్లనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

కమిటీతో కటక్ నుంచి ప్రొఫెసర్ గదాధర్ మహాంతి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ, నాలుక మీద మిరపకాయ నూరుకుని పుట్టాడని పేరు. ఇత్తడిపెట్టెని చూసి, "హోతా గారూ, పూజ ఎన్నింటికి? ప్రసాదం ఉంటుందా?" అన్నాడు. తనతో వచ్చినవాళ్లు నవ్వారు. జెమా మాట విని, "ఈ అమ్మాయిది అచ్చ సంబల్‌పురి యాస. నాకు అనువదించేవాళ్లు కావాలి," అన్నాడు.

"సార్, యాస నాది. కణాలకి యాస లేదు. మీరే చూసుకోండి," అంది జెమా.

ఆయన కనుబొమలు పైకెత్తాడు. "మంచిది. చూసుకుంటాను. పన్నెండు గొట్టాల్లో రక్తం నేనే తీయించి తెస్తాను. పేర్లుండవు, అంకెలే. ఏవి మాత్ర వేసుకున్నవో ఏవి కావో చెప్పు. చెప్పలేకపోతే నీ పెట్టెలో పూలు పెట్టుకో."

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జెమా పెట్టె ముందు కూర్చుంది. మేడంని గదిలోకి రానివ్వలేదు ప్రొఫెసర్. తానే కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. మొదటి గంట ఎగతాళిగా చూశాడు. రెండో గంటకి కళ్లజోడు తుడుచుకుని ముందుకి జరిగాడు. నాలుగో గంటకి వేడినీళ్ల గ్లాసు తానే అందిస్తున్నాడు. మూడింటికి జెమా నడుం నిటారు చేసి కాగితం ఇచ్చింది. ఐదు గొట్టాలు మాత్రవి. ఏడు కావు.

ప్రొఫెసర్ జేబులోంచి తన కాగితం తీసి పోల్చుకున్నాడు. వేలు ఒకచోట ఆగింది. "పదకొండు సరిగ్గా చెప్పావు. అద్భుతం. ఎనిమిదోది తప్పు. అతను మాత్ర వేసుకుంటున్నాడు. ఆర్నెల్లుగా."

జెమా ఎనిమిదో గొట్టాన్ని మళ్లీ చూసింది. ఇంకోసారి చూసింది. మూడుసార్లూ అదే లెక్క.

"వేసుకోవట్లేదు సార్."

"రిజిస్టరులో ఉందమ్మా."

"రిజిస్టరుని కాదు, మనిషిని పిలవండి."

మనిషి బయట వరండాలో మరమరాలు నములుతున్నాడు. మిత్రభాను, భవానీపట్నా బస్సు కండక్టరు. పిలిస్తే నవ్వుకుంటూ వచ్చాడు. ప్రొఫెసర్ అడిగాడు. "వేసుకుంటున్నా సార్, దేవుడి మీద ఒట్టు," అన్నాడు.

జెమా అతని వైపు తిరిగింది. "భాయ్, ఒట్టు వెనక్కి తీసుకో. నీ రక్తం ఇందాకే నిజం చెప్పేసింది."

మిత్రభాను నమలడం ఆపాడు. పెట్టె వంక చూశాడు, సూక్ష్మదర్శిని వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నానీ," అన్నాడు, అక్కా అని బతిమాలే గొంతుతో, "మూణ్ణెల్లయింది మానేసి. ఆ మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరని మా డ్రైవరు చెప్పాడు. మొన్న ఫాల్గుణంలోనే కదా పెళ్లయింది... అన్నీ ఇంటి దూలం మీద డబ్బాలో దాచా. మా ఆవిడకి చెప్పకండి!"

అప్పుడు ప్రొఫెసర్ మహాంతి పగలబడి నవ్వాడు. కళ్లజోడు జారిపడేలా నవ్వాడు. నవ్వి, లేచి నిలబడి, తన కాగితం మీద ఎనిమిదో అంకె పక్కన రాసింది కొట్టేసి, పన్నెండుకి పన్నెండని రాసి సంతకం పెట్టాడు.

"నేనూ ఓడాను, రిజిస్టరూ ఓడింది," అన్నాడు తలుపు తీసి, బయట చేతులు నలుపుకుంటూ నిలబడ్డ హోతా మేడంతో. "పాలకి పాలు, నీళ్లకి నీళ్లు తేల్చేసింది మీ పిల్ల. మందు ఆపడమేంటి? వంతు కోసం కాచుక్కూర్చున్న వాళ్లందరికీ మొదలుపెట్టండి."

మేడం జెమాని కావలించుకుంది. అంతవరకూ గుండె రాయి చేసుకుని కూర్చున్న పిల్ల అప్పుడు ఏడ్చింది. మిత్రభానుకి మాత్రం మేడం అరగంట క్లాసు పీకింది: పిల్లలు కావాలనుకుంటే దాచక్కర్లేదు, ముందు వచ్చి చెప్పాలి, ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తాము చూసుకుంటామని. అతను బుద్ధిగా తలూపి, మిగిలిన మరమరాలు అందరికీ పంచి మరీ వెళ్లాడు.

ఆ వానాకాలం నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల ఆరోగ్యకేంద్రాల్లో మాత్ర ఇవ్వడం మొదలైంది. బర్‌పాలిలో మొదటిరోజు వరస రోడ్డు మలుపు దాకా వచ్చింది. దైతారి కంసారి కోడలు వరసలో నాలుగోది. మరుసటి ఏడు ఆమె ఊళ్లో నుఆఖాయి పండక్కి కొత్తబియ్యం తానే దంచిందని, ముసలాయన సంబల్‌పూర్ దాకా వచ్చి చెప్పి వెళ్లాడు. ఖగేశ్వర్ ముప్పై నాలుగో ఏట పెళ్లి చేసుకున్నాడు. బతకడనుకున్న మనిషి పెళ్లికొడుకై నడుస్తుంటే, వాళ్లమ్మ ఊరేగింపులో ఢోలు ముందు ఎంత ఆడిందంటే, ఆవిడ కాళ్లకే రెండు రోజులు నొప్పి.

జెమా ఉద్యోగం పర్మనెంటయింది. ఇప్పుడా గదిలో మంచి యంత్రాలున్నాయి. నాళాల్లాంటి సన్నటి దారులు చెక్కిన గాజుపలకల్లో కణాలు దూసుకుపోతుంటే కెమెరాయే లెక్కపెడుతుంది. కొత్త మందులు మూడు ఆమె చేతిమీదుగా పరీక్షకి వెళ్లాయి. ఒకటి పనికిరాదని ఆమె తేల్చింది. పనికిరానిదాన్ని తేల్చడం కూడా రోగికి మేలేనని తన దగ్గర నేర్చుకునే వాళ్లకి చెబుతుంది.

పోయిన ఫాల్గుణంలో కటక్ నుంచి పిలుపొచ్చింది. ముప్పైమంది డాక్టర్లకి మూడురోజుల శిక్షణ. పిలిచింది రిటైరైపోయిన మహాంతి గారే. డిప్లొమా చదివిన మనిషి డాక్టర్లకి పాఠం చెప్పడమేంటని ఎవరో గొణిగితే, ఆయన "అయితే మీరు రాకండి, కుర్చీ మిగుల్తుంది" అన్నాడట. ఒక్క కుర్చీ మిగల్లేదు. జెమా మెహెర్ అన్న నేసిన చీర కట్టుకుని, తన యాసలోనే, సిగ్గుపడకుండా మొదలుపెట్టింది.

"కూర్చోండి. ముందుగా అందరూ ఈ గది ఎంత వేడిగా ఉందో చూసి రాసుకోండి."

ముప్పైమందీ రాసుకున్నారు.