అమ్మవారి నంబరు ముందు

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, విరుదునగర్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో, గది దాటితే నా నోట తెలుగు మాట వచ్చే సందర్భమే ఉండేది కాదు. ఆఫీసులో అరవం, అంగడిలో అరవం. సాయంత్రం దీపం పెట్టి అమ్మవారితో చెప్పుకునే నాలుగు మాటలే తెలుగు. బదులు రాకపోయినా వినేందుకు ఆమె ఉంది కదా అని దండం పెట్టుకునేదాన్ని.

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. చిన్నప్పటి జబ్బు వల్ల నేను బడికి పోలేదు. తెలుగు, అరవం, లెక్కలు అన్నీ నాన్న ఇంట్లోనే నేర్పాడు. ఆయనా, తర్వాత అమ్మా పోయాక, కంప్యూటర్ పుస్తకాన్ని కూడా ఆయన నేర్పిన పద్ధతిలోనే ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివి నేర్చుకున్నాను. ఆ వేలే నాకు అన్నం పెట్టింది.

బావికి కరెంటు కావాలని రైతులు పెట్టుకున్న అర్జీలు మా ఆఫీసుకి వచ్చేవి. వాటిని టైపు చేయించి, ఒక్కోదాన్లోంచి సర్వే నంబరు ఏరి, వరుస జాబితా కట్టాలి. కూర్చుని చదివితే నెలలు పట్టే పని. అందుకని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాశాను. అంటే, వెతకాల్సినదాని ఆకారం కంప్యూటర్‌కి చెప్పడం: ‘సర్వే నెం.’ అన్న మాట, దాని వెనక అంకెలు, ఒక ఏటవాలు గీత, మళ్ళీ అంకె, ఉంటే ఒక అక్షరం. 212/3బి లాంటిది ఎక్కడ దాక్కున్నా దొరికిపోతుంది.

అయితే అర్జీ చివర పొలానికి నాలుగు హద్దులూ రాస్తారు. పక్కవాళ్ళ నంబర్లు కూడా వలలో పడ్డాయి. మొదట దొరికినదాన్నే తీసుకోమన్నాను. ఒకే ఊళ్ళో అదే నంబరు మళ్ళీ వస్తే, రెండుసార్లు పెట్టిన అర్జీ అని పక్కన పడెయ్యమన్నాను. వేల అర్జీలు టీ చల్లారేలోపు అయిపోయాయి. ఆ వేళ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

జాబితా పైఆఫీసుకి వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం, వరండాలో గొడవ వినపడింది. కారియాపట్టి దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒక ముసలామె, గుడ్డసంచి చంకలో పెట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఉంది. “ఒకే పొలానికి ఎన్నిసార్లు అర్జీ పెడతావు, పాట్టీ?” అంటున్నాడు గుమాస్తా అరవంలో, కంప్యూటర్ వైపు చూపిస్తూ.

ఆమె అరవంలో ఏదో చెప్పబోయి, ఆగి, తనలో తాను గొణుక్కుంది. “నాకుండేది ఒక బాయి. పెట్టింది ఒక మను. ఈ పెట్టెకి కండ్లు పోయినట్టుండాయి, దీన్ని ముందు ఆస్పత్రికి తోడుకొనిపోండ్రా!”

నేను లేచి నిలబడ్డాను. ‘మను’ అంటే అర్జీ. మా అమ్మ అనే మాట.

“అవ్వా, ఇట్ల రా. నేను చూస్తాను,” అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “మనోళ్ళ పిల్లవా? మరి ఇంతసేపు యాల గమ్మునుంటివి?”

ఆమె అర్జీ తెరమీదికి తెచ్చాను. మొదటి వరుస కింద వేలు పెట్టి చదివాను. ‘సర్వే నెం. 41/2 అమ్మవారి చేను సాక్షిగా’ అని అరవంలో ఉంది. ఆ తర్వాతే ఆమె పేరు, ‘నాకు సొంతమైన’ అంటూ ఆమె నంబరు. ఆ ఊరి అర్జీలన్నీ అంతే. మొదటిదాన్ని అమ్మవారి నంబరుకింద ఉంచుకుని, మిగతా ఊరినంతా నా వల పక్కన పడేసింది.

తెలియని సంగతా ఇది! నాన్న ఏ కాగితం రాయించినా, “ముందు ఆ తల్లి నంబరు రాయి, ఆనక మనది,” అనేవాడు. అప్పట్లో ఆ వరుసలు నా చేత్తోనే రాశాను. ఈ ఊరివాళ్ళ కాగితం ఒక్కటైనా చదివి ఉంటే గుర్తొచ్చేది.

“ఈ తూరి పోతే మళ్ళీ యెప్పుడు, పాపా?” అంది ఆమె. “డీజిలింజను చచ్చి రెండేండ్లాయె. బాయిలో నీళ్ళుండాయి, మిరపచెట్టుకి లేదు. కాగితం పోతే వరుసలో కడాకి పోతానంట. అంతకాలం నేనుండొద్దా?”

మా ఆఫీసు నడిపే ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆయన గడియారం చూశాడు. “ఐదు గంటలకి జాబితా వెళ్ళిపోతుంది. ఈలోపు సరిచెయ్యి. లేకపోతే ఉన్నది ఉన్నట్టే పోతుంది.”

‘నాకు సొంతమైన’ అన్న మాట ఉంటే దాని వెనక వచ్చే నంబరునే పట్టుకో, ఆ మాట లేనిచోట పాత పద్ధతే అని మార్చాను. మొదటిసారి ఆ ఊరి జాబితా ఏమీ మారలేదు. టైపు చేసినవాళ్ళు మాటల మధ్య రెండేసి ఖాళీలు వదిలారు. ఖాళీలు ఎన్నున్నా సరేనని చెప్పి, కళ్ళు మూసుకుని మళ్ళీ నడిపాను. ఊరంతా ఒక్కొక్కరుగా, ఎవరి నంబరుతో వాళ్ళు, అర్జీ పెట్టిన వరుసలో వచ్చి నిలబడ్డారు. ఆమె పదిహేడో మనిషి.

ఆమె పేరున్న కాగితం అచ్చుతీసి చేతికిచ్చి, వరుస చదివి వినిపించాను. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.

“అమ్మోరి నంబరు యాడ?”

“ఆ తల్లికి కరెంటు ఎందుకవ్వా?”

“కరెంటు వద్దులే. ముందు ఆమెని నిలబెట్టకుండా నేనెట్ల నిలబడేది?”

కలం తీసి కాగితం నెత్తిన 41/2 అని రాసిచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని, మడిచి, సంచిలో లోపలికంటా దోపింది. “నీకు యెవురుండారు పాపా?” అని అడిగింది. నేను పైకి చూపించాను. “ఆమె అందురికీ ఉండాది. నిన్ను తినమనేదానికి యెవురుండారని అడిగితి,” అంది. సంచిలోంచి రెండు పిడికిళ్ళ వేరుశనక్కాయలు తీసి నా బల్లమీద పోసి, బస్సుకి వేళైందని వెళ్ళిపోయింది.

ఐదింటికి జాబితా వెళ్ళింది. మిరపకాయల గోదాముల ఘాటులో నడుచుకుంటూ గదికి చేరి దీపం పెట్టాను. నా తప్పుకి క్షమించమన్నాను. ఆ తప్పే చెయ్యకపోతే ఆ మధ్యాహ్నం ఉండేది కాదు కదా, అందుకు దండం కూడా పెట్టుకున్నాను. తర్వాత ఒక కాగితం తీసి, ముందు మా ఊరి అమ్మవారి నంబరు, దానికింద మా పాత పొలం నంబరు రాశాను. పెట్టాల్సిన అర్జీ ఏదీ లేదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ రెండు వరుసలూ పైకి చదివాను, తెలుగులో.