చెయ్యెత్తనిచ్చే చొక్కా

మా సయామ పోయారు. సయామ అంటే ఇక్కడ టీచరమ్మ. యాంగాన్‌లో మా తెలుగువాళ్ళం కూడా ఆ మాటే వాడతాం. పోయిన నెలలో ఒకరోజు, తాకేటా పేటలోని తన ఇంట్లో పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. కబురందేసరికి నేను చౌక్తడాలో ఆఫీసుకి వెళ్ళే బస్సులో ఉన్నాను. దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సెక్కాను. దారంతా ఏడ్చాను.

ఆవిడ బళ్ళో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. తర్వాత ఇంటి ముందుగదిలో సాయంత్రాలు ట్యూషన్ చెప్పేవారు. అందరూ రాజులతో మొదలుపెట్టే పాఠాన్ని ఆవిడ చొక్కాతో మొదలుపెట్టేవారు. వెయ్యేళ్ళ కిందట యూరప్‌లో పొలం దున్నుకునేవాడు రోజూ ఏం తొడుక్కున్నాడు? అది చూపించడానికే పాత గోధుమరంగు దుప్పటి కత్తిరించి స్వయంగా ఒక చొక్కా కుట్టారు. అసలైతే ఉన్నిది ఉండాలి. ఈ ఎండల్లో ఉన్ని తొడిగితే పాఠం అయ్యేలోగా పిల్లలు ఉడికిపోతారని దుప్పటితో సరిపెట్టారు.

మోకాళ్ళ దాకా ఉండేది. బొత్తాలు లేవు, జేబులు లేవు. తల దూర్చి, నడుముకి బెల్టు కట్టి, కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టుకోవాలి. పాఠం రోజున ఎవరో ఒకరు అది వేసుకుని నిలబడాల్సిందే. మా బ్యాచిలో నన్ను లేపారు.

"కిరీటం లేదా సయామా?" అని నేను మూతి ముడుచుకున్నాను.

"కిరీటమెట్టుకుని కలుపు తీస్తావేటే? చెయ్యెత్తు!"

ఎత్తాను. ఎక్కడా పట్టెయ్యలేదు. చంక కింద పలకలా ఒక ముక్క వేరే అతికి ఉంది. "సూసేవా? చెయ్యెత్తనివ్వని బట్ట పన్లేనోడికే బాగుంటాది," అన్నారు.

నేనేమైనా తక్కువదాన్నా? రాజుల పట్టుబట్టలు సమాధుల్లో దొరికాయి కదా, మరి వీళ్ళవేవీ అని నిలదీశాను. ఎక్కడో ఒకటీ అరా తప్ప దొరకవన్నారు. అరిగేదాకా తొడిగారు, చిరిగితే పిల్లలకి కుట్టారు, ఆఖరికి మసిగుడ్డ చేశారు. "మిగల్లేదంటే ఓడిపోయినట్టు కాదే, పనికొచ్చినట్టు." ఆ మాట నేను మర్చిపోలేదు.

ఎవరి బట్ట చిరిగినా ఆవిడ కంట పడాల్సిందే. "యబాదే, కుట్టేద్దాం" అనేవారు. యబాదే అంటే ఫరవాలేదని. చిరుగు కుడుతూనే ప్రశ్నలు అడిగేవారు; తప్పు జవాబు చెబితే సూది ఆగేది. సగం కుట్టిన చొక్కాతో ఇంటికెళ్ళడం ఇష్టం లేక చరిత్ర నేర్చుకున్నవాళ్ళం మేము.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ తమ్ముడు, అందరం మావయ్య అని పిలిచే మనిషి, ఆ చొక్కాకి అద్దాల పెట్టె చేయించాడు. ట్యూషన్ నేను నడుపుతానని అప్పటికే చెప్పాను. నాకు చొక్కా కావాలి.

"అద్దంలో ఎడతానమ్మీ. అక్క సేతి పని. పిల్లగుంటలు లాగి లాగి సింపేస్తే నాకేటి మిగుల్తాది?"

"అద్దంలో పెట్టడానికి ఆవిడేమైనా రాణిగారా మావయ్యా?" అన్నాను.

నాకు కోపమొచ్చింది, నిజమే. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఆయనొక్కడే. ఆ సంగతి తెలుసు కాబట్టే చొక్కాని అట్ట మీద గుచ్చడానికి సాయానికి పిలిస్తే వెళ్ళాను. మాట మాత్రం మార్చుకోనని గుమ్మంలోనే చెప్పాను.

ఎడమ చెయ్యి పరిచి పిన్నులు గుచ్చాం. కుడి చెయ్యి ఎత్తి పట్టుకున్నాను. చంక కింద పాత ముక్క లేదు. తెల్లటి కొత్త ముక్క ఉంది. దారం ఇంకా మాయలేదు. ముక్క మధ్యలో కందిగింజంత నీలం సిరా మరక.

మావయ్య దాన్ని వేలితో తడిమాడు. "ఇది అక్క బడికేసుకెళ్ళిన జాకెట్టు. రోజూ నానే ఇస్త్రీ సేసేవోడిని. ఈ మరక ఎంత ఉతికినా పోనేదు." మరక మీంచి వేలు తియ్యకుండానే అన్నాడు: "ఎల్లిపోయే ముందురోజు సూదిలో దారం ఎక్కించమన్నాది. ఎక్కించేను. దేనికని అడగనేదమ్మీ."

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆయనే ఒక్కొక్క పిన్నూ పీకడం మొదలుపెట్టాడు.

"అక్క అతికిందంటే తొడగమనే గదేటి. పట్టుకుపో."

"మరి అద్దం?"

"యబాదే. అక్క ఫోటో ఎడతాను."

నిన్న ఆవిడ ముందుగదిలోనే మొదటి క్లాసు చెప్పాను. చివరి వరుసలో కూర్చున్న అమ్మాయికి చొక్కా తొడిగాను. బెల్టు మావయ్యే కట్టాడు. వీళ్ళకి జేబులు లేవు కదా, కత్తి ఎక్కడ పెట్టుకునేవారని అడిగాను. తెలిసినట్టుంది, ఆ పిల్ల గబుక్కున చెయ్యెత్తింది. చంక కింద తెల్ల ముక్క, సిరా మరక బయటికొచ్చాయి. గుమ్మంలో నిలబడ్డ మావయ్య అటే చూస్తున్నాడు. నేను వెంటనే ఆ పిల్లని చెప్పమనలేదు. ఆ చెయ్యిని ఇంకాసేపు అలాగే ఉండనిచ్చాను.