అంకయ్య కంబళి కప్పిన గిన్నె

పెళ్లయి అమలాపురం నుంచి ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చిన కొత్తలో హైమవతికి అక్కడి చలితో పెద్ద పేచీ వచ్చింది. జనవరిలో ఇడ్లీపిండి పులిసేది కాదు. ఫ్రిజ్ స్టెబిలైజరు ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుందని కనిపెట్టి, గిన్నెను దాని మీద పెట్టిన రోజున ఆవిడకు ఏనుగెక్కినంత సంబరం. ఎవరింటికి వెళ్లినా ముందు స్టెబిలైజరు ఎక్కడుందో చూసేది.

అంత ఉత్సాహమున్న మనిషి, టీచరుగా చేరిన బడిలో మాత్రం ఏ టీచరు రాకపోతే ఆ క్లాసుకు వెళ్లి కూర్చునేది. పదేళ్లు అలాగే గడిచాక, 2006 జనవరిలో ప్రిన్సిపల్ మేడం ఒక అవకాశం ఇచ్చింది. వచ్చే ఏడు పదకొండో తరగతికి వచ్చేవాళ్లు ఇష్టముంటే ఎంచుకునేలా ఆహార విజ్ఞానం అనే కొత్త సబ్జెక్టు పెడతారు. కానీ శనివారం తల్లిదండ్రుల సమావేశం ముగిసేలోగా పదిహేనుమంది చేరాలి. లేకపోతే లేదు.

శుక్రవారానికి చేరింది ఆరుగురు. అందరూ అకౌంటెన్సీకే ఎగబడ్డారు. పొదుపు, బీమా, బ్యాంకు అప్పుల గురించి చెప్పే క్లాసు కూడా నిండిపోయింది. "వంట నేర్చుకోవడానికి బడెందుకు?" అన్నారు మిగిలినవాళ్లు. ఇది వంట కాదు మహాప్రభో, సైన్సు అని హైమవతి నెత్తీ నోరూ కొట్టుకుంది. తనదంటూ ఒక్క క్లాసు ఉండాలని ఆవిడ కోరిక. అదిప్పుడు చేజారిపోయేలా ఉంది.

అందుకే ఒక ఉపాయం పన్నింది. ఒకే పిండి రెండు గిన్నెల్లో పోసి, ఒకటి స్టెబిలైజరు మీద, ఒకటి బాల్కనీ చలిలో పెట్టింది. తెల్లారేసరికి ఒకటి పొంగుతుంది, ఒకటి పొంగదు. వెచ్చదనం ఏం చేస్తుందో అందరూ కళ్లారా చూస్తారు.

పొద్దున్న లేచి చూస్తే బాల్కనీలో గిన్నె లేదు. హీటరు పక్కన, మిలిటరీ కంబళి కప్పుకుని, మూత నెట్టేసి మరీ పొంగి కూర్చుంది!

రాత్రి మిలిటరీ డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చిన భర్త అంకయ్య గర్వంగా నవ్వాడు. "చలిలో ఒగ్గేసి పడుకున్నావు, మర్చిపోయావేమోనని నేనే లోపలెట్టేను హైమా. పిండి చచ్చిపోద్ది కదా!"

"అది చలిలోనే ఉండాలండీ! నా కొంప ముంచారు కదండీ!"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. హైమవతి పట్టుకుంది గానీ లాభమేముంది? టైము లేదు. కళ్లు తుడుచుకుని, రెండు గిన్నెలూ పట్టుకుని ఆయన స్కూటరే ఎక్కింది.

సమావేశంలో పక్క బల్ల దగ్గర అకౌంటెన్సీ టీచరు సదాశివరావు గారు తొంగిచూశారు. "ఏంటమ్మా, ఇడ్లీ కొట్టు పెడుతున్నారా? లాభనష్టాలు మా పిల్లలు చూస్తార్లెండి."

హైమవతి దాచలేదు. వచ్చిన తల్లిదండ్రులకు జరిగింది జరిగినట్టు హిందీలో చెప్పేసింది. ముందు నవ్వులు లేచాయి. తర్వాత ఒక పంజాబీ ఆవిడ, "భాయీసాబ్ చేసింది కరెక్టే! మేం పెరుగు గిన్నెను శాలువా చుట్టి గోధుమపిండి డబ్బాలో పెడతాం" అంది. కాదు, రజాయిలో, అంటే దూది బొంతలో పెట్టాలన్నాడు ఒక బెంగాలీ ఆయన. వేన్నీళ్లలో నిలబెట్టాలన్నారు ఇంకొకరు. అకౌంటెన్సీ వరుసలో వాళ్లూ మెడలు తిప్పారు. ఎవరికివారే తమది గొప్పంటూ సభ రచ్చబండయింది.

"అచ్ఛా, ఎవరిది ముందు పులుస్తుంది మేడం?" అని అడిగింది పంజాబీ ఆవిడ కూతురు సిమ్రన్.

"నాకూ తెలీదు. వచ్చే చలికాలం అన్నీ పెట్టి చూద్దాం," అంది హైమవతి. "చూద్దామన్నదే సైన్సు."

సిమ్రన్ మొదట పేరిచ్చింది. మధ్యాహ్నానికి ఇరవై దాటాయి. ప్రిన్సిపల్ మేడం తన చేత్తోనే ఒక గది తలుపు మీద ఆహార విజ్ఞానం అని బోర్డు పెట్టింది. హైమవతి ఆ తలుపును ఆనుకుని నిలబడి, ఎవరేమనుకుంటారోనని కూడా చూడకుండా నవ్వుతూనే ఏడ్చింది.

మరుసటి జనవరిలో పిల్లలు ఆరు గిన్నెలు సర్దారు. ఆరోది వరండా చలిలో పెట్టి, ముట్టుకోవద్దని హిందీలో, ఇంగ్లిషులో అట్టముక్క తగిలించారు. దాని కింద తెలుగు రాని సిమ్రన్, మేడం రాసిచ్చిన అక్షరాలను ముగ్గులా చూసి చూసి దిద్దింది:

"అంకయ్య గారూ, దయచేసి కప్పకండి."