రేకుల మీది టైర్లు

నేను రాసిన వార్త అచ్చయిన పొద్దున, ఇంకా టీ తాగకముందే, ఎదురింటి ఆమె పేపరు పట్టుకొని మా గేటు ముందు నిలబడింది. ఆమె సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలంతా పళ్లేలతో ఒక్కసారి మీద పడ్డా గొంతు పెంచని మనిషి. ఆ రోజు కూడా పెంచలేదు.

“అన్నా, టైర్లు పోయినయని రాసినవ్ గదా. రా, యాడికి పోయినయో సూపిస్త.”

చెప్పులు వేసుకొని వెంట నడిచాను. మా గల్లీ కొసన ఒక ఖాళీ ప్లాటు ఉంది. చుట్టూ తుమ్మ కంప, మధ్యలో ఎవరో ఎప్పుడో పోయించి వదిలేసిన పునాది. అంతకు ముందు రోజు మధ్యాహ్నం మున్సిపాలిటీ మనుషులు మా ఇళ్ల రేకుల మీది నుంచి దించి, ట్రాక్టర్‌లో నింపి, ముందు నిలబడి ఫొటో దిగి తీసుకుపోయిన పాత టైర్లన్నీ అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. మావేనా అని అనుమానపడే అవసరం లేదు. ఒకదానికి మా పక్కింటివాళ్లు కట్టిన పచ్చ నైలాను తాడు ఇంకా వేలాడుతున్నది. ఆమె ఇంటి నుంచి ఆ కుప్ప దగ్గరకు మెల్లగా నడిచినా మూడు నిమిషాలు పట్టదు.

“ఇంతకుముందు ఇంటికి ఒకటో రెండో ఉండె. ఇప్పుడన్నీ ఒక్కకాడ పెట్టిండ్రు. దోమలకు కాలనీ కట్టిచ్చినట్టయింది” అన్నది. నవ్వలేదు.

ఆమె చేతిలోని పేపర్లో నా వార్త ఉంది. దోమల స్థావరాలపై కొరడా అని శీర్షిక. కింద నిండు ట్రాక్టర్ ఫొటో. ట్రాక్టర్ కదిలేదాకా నేను అక్కడే ఉన్నాను. ఎక్కడికి తీసుకుపోతున్నారని అడిగాను, డంపింగ్ యార్డుకు అన్నారు, రాసుకున్నాను. వెనక పోలేదు. సాయంత్రం ఐదింటికల్లా వార్త పంపాలి. ఎవరు చెప్పారో వాళ్ల హోదా రాసి, వాళ్లు చెప్పిన మాట రాస్తే మన పని అయిపోయిందనుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు చోట్లా విలేకరిగా పనిచేశాను. మూడు చోట్లా ట్రాక్టర్లు కదిలేదాకా నిలబడ్డాను గానీ ఒక్క ట్రాక్టర్ వెనక కూడా పోలేదు.

ఈ గల్లీ ఆ మూడింట్లో ఏ ఊరిదో చెప్పను. చెబితే మిగతా రెండు ఊళ్లవాళ్లు తమది కాదు గదా అని నిమ్మళంగా కూర్చుంటారు.

కప్పుల మీద టైర్లు ఎందుకుంటాయో బయటివాళ్లకు చెప్పాలి. మావి ఎక్కువగా సిమెంటు రేకుల ఇళ్లు. ఎండాకాలం నడిమి నుంచి వానలు పడేదాకా సాయంత్రాలు ఈదురుగాలి లేస్తుంది. రేకు లేచిందంటే ఇల్లే కాదు, దారిన పోయేవాడి మెడా పోతుంది. బరువు పెట్టాలి. రాయి పెడితే సిమెంటు రేకు పగులుతుంది. టైరు మెత్తగా కూర్చుంటుంది, జారదు, పగలగొట్టదు. హైవే పక్కన బతికే ఊళ్లకు టైర్లకు కొదవ లేదు. పంక్చర్ షాపువాళ్లు తీసుకుపొండని బతిమాలతారు. ఇల్లు కట్టిన మేస్త్రీలు రేకును కింది పైపుకు బిగించే కొక్కేలు నాలుగు వేయాల్సిన చోట రెండు వేసిపోయారు. మిగిలిన రెండు కొక్కేల పని మా ఊళ్లో టైర్లు చేస్తాయి.

నేను పాతికేళ్లు దోమల గురించి రాశాను. వానాకాలం రాగానే మురికి కాలువ ఫొటో, పందులు, పక్కన ముక్కు మూసుకున్న ముసలాయన. కింద విజృంభిస్తున్న విషజ్వరాలు. ఏటా అదే వార్త, ఊరి పేరు మార్చి. చదివిన జనం కాలువల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లారు, చల్లలేదని సర్కారును తిట్టారు. డెంగీ తెచ్చే దోమకు మురికి కాలువతో పెద్దగా పని లేదని, దానికి మనం తాగే నీళ్లలాంటి నీళ్లు కావాలని నాకు తెలిసేసరికి జుట్టు నెరిసింది. ఇన్నేళ్లు జనం చూపును తప్పు వైపు తిప్పినవాళ్లలో నేనొకణ్ణి. ఆ సంగతి ఏ పేపరూ సవరణగా వేయదు.

అది తెలియడానికి కారణం ఎదురింటి ఆమె బిడ్డ. డిగ్రీ చదువుతున్నది. నిరుడు వానాకాలం చివర జ్వరం వచ్చింది. రెండో రోజుకు కళ్ల వెనక నొప్పి, నాలుగో రోజు చిగుళ్ల నుంచి రక్తం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంటే దవాఖానలో చేర్చారు. గేటు బయట బండ్ల మీద ఎన్నడూ ఊళ్లో చూడని పండ్లు అమ్ముతున్నారు, అవి తింటే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని. లోపల మంచాలు చాలక వరండాలో చాపలు. ఆ పిల్ల బతికింది. ఇంటికి పంపే రోజు డాక్టరు తల్లిని పక్కకు పిలిచి చెప్పిన మాట ఆమె నాకు అదే రోజు వచ్చి చెప్పింది: డెంగీలో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చిపోతే మిగతా మూడు రావని కాదు, రెండోసారి వేరే రకం వస్తే మొదటిసారి కంటే గట్టిగా కొట్టొచ్చు.

అప్పటి నుంచి ఆమెకు ఒకటే పని. రెండోసారి రాకూడదు.

ఇంట్లో డ్రమ్ము కడిగింది, కూలరు ఎండబెట్టింది, పూలకుండీల కింది పళ్లేలు పారేసింది. శుక్రవారం శుక్రవారం వచ్చే ఆరోగ్య కార్యకర్తలు ఆమె వాకిలి చూసి మెచ్చుకొని గోడ మీద సుద్దతో టిక్కు పెట్టి పోయేవాళ్లు. అయినా పట్టపగలు కాళ్ల దగ్గర దోమలు. నల్లటివి, తెల్ల చారల కాళ్లవి. అప్పుడు నేను మిర్యాలగూడలో ఉండే ఒక పాత పరిచయస్తుణ్ణి పిలిపించాను. మలేరియా విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. పెద్దవూర వైపు కాలువల వెంట ఊరూరూ తిరిగి దోమ పిల్లల్ని పట్టినవాడు. ఇప్పటికీ సంచిలో ఒక గరిటె, ఒక తెల్ల పింగాణీ గిన్నె లేకుండా ఇల్లు కదలడు.

ఆయన ఆమె ఇల్లంతా చూసి, బయటికొచ్చి, తలెత్తి రేకుల వైపు చూశాడు. నిచ్చెన అడిగాడు. పైకెక్కి టైరులో గరిటె ముంచి, గిన్నెలో పోసి దించాడు. తెల్లటి గిన్నెలో నీళ్లు, నీళ్లలో మెలికలు తిరుగుతున్న పురుగులు. ఆమె గిన్నెను రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూసింది. నెత్తి మీద పెట్టుకొని కింద కడుగుతున్ననా అన్నది.

ఆయన చెప్పిందాంట్లో నాకు గుర్తున్నది ఇది. టైరును ఎట్లా తిప్పి పెట్టినా లోపల గుక్కెడు నీళ్లు మిగులుతాయి. లోపల నీడ, చల్లదనం. దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీళ్లకు కొంచెం పైన గోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా గుడ్లు చావవు, నెలల తరబడి రబ్బరుకు అంటుకొని ఉంటాయి. మళ్లీ వాన పడి నీళ్లు అక్కడిదాకా లేస్తే పురుగై, వారం పది రోజుల్లో దోమై లేస్తాయి. ఆ దోమ ఎక్కువ దూరం పోదు. పుట్టిన ఇంటి చుట్టుపక్కలే పగటిపూట కుడుతుంది. సాయంత్రం చీకటిపడ్డాక పొగ మిషను తిప్పి ఏం లాభమని అడిగితే, “పొగ దోమకు గాదు సారూ, మీకు. చూసి తృప్తిపడాలె గదా” అన్నాడు.

ఆమె అర్జీలు తీసుకునే సోమవారం సోమవారం కాగితం పట్టుకొని మున్సిపాలిటీ చుట్టూ తిరిగింది. శుక్రవారం వచ్చేవాళ్లు రేకుల మీదికి ఎందుకెక్కలేదంటే, మాకు నిచ్చెన ఇయ్యలేదు అన్నారు. వాళ్లను తప్పుపట్టను. నిచ్చెన ఇవ్వకుండా ఇంటింటి సర్వే చేయమన్నవాళ్లను తప్పుపడతాను. ఎట్టకేలకు చలికాలం పోతుండగా ట్రాక్టర్ వచ్చింది. ఆ తర్వాత జరిగింది పైన చెప్పాను.

కుప్ప చూసిన రోజే మున్సిపల్ ఆఫీసుకు పోయాను. డంపింగ్ యార్డులో టైర్లు తీసుకోరని, రెండు రోజుల్లో వేరే చోటికి పంపిస్తామని చెప్పారు. ఆమె గొడవపడితే కుప్ప మీద ఒక టార్పాలిన్ కప్పించారు. యాసంగి వరి కోతలు మొదలైన వారంలో అది మాయమైంది. ధాన్యం రోడ్ల మీద పోసి మబ్బు వైపు చూసే రోజుల్లో ఖాళీ ప్లాటులో పడి ఉన్న టార్పాలిన్‌ను ఎవరు వదులుతారు? తీసుకుపోయినవాడి మీద నాకు కోపం లేదు.

తర్వాత ఈదురుగాలి వచ్చింది. టైర్లు లేని కప్పుల్లో రెండు ఇళ్లవి లేచాయి. ఒక రేకు కరెంటు తీగల మీద పడి ఆ సాయంత్రమంతా గల్లీకి కరెంటు లేదు. మర్నాడు పొద్దున చూస్తే జనం ప్లాటుకు పోయి ఎవరి టైర్లు వాళ్లు ఏరుకొని మళ్లీ పైకెక్కిస్తున్నారు. ఆమె గల్లీ మధ్యలో నిలబడి వద్దని బతిమాలింది. మట్టి నింపి పెట్టండి, నీళ్లు నిలవవు అన్నది. మట్టి నింపితే బరువుకు రేకు పగులుతది, కొత్త రేకు ఎవరు ఇస్తరు అన్నారు. మూడో ఇంటి ఆటో డ్రైవరు నిచ్చెన మీది నుంచే అన్నాడు:

“రేకు లేస్తే నువ్వొచ్చి పట్టుకుంటవా అక్కా?”

“పట్టుకుంట. నా బిడ్డకు మళ్ల జరమొస్తే నువ్వొచ్చి పట్టుకుంటవా?”

అతను టైరు పెట్టే దిగాడు. ఇద్దరిలో ఎవరిది తప్పని రాయను? ఒకరు గాలికి, ఇంకొకరు జ్వరానికి భయపడుతున్నారు. రెండు భయాలూ నిజమే. ఇంటికి నాలుగు కొక్కేలు బిగిస్తే రెండూ పోతాయి. మురికి కాలువల మీద, పొగ మిషన్ల మీద మాట్లాడిన ఏ సమావేశంలోనూ కొక్కెం అన్న మాట నేను వినలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు సగం టైర్లు రేకుల మీద, సగం ప్లాటులో ఉన్నాయి. తొలకరి రెండింటి మీదా ఒకేలా పడింది.

వానలు మొదలయ్యాక మళ్లీ ఆఫీసుకు పోయాను. పారిశుధ్యం చూసే అధికారి కోదాడ అవతలి మనిషి, బదిలీ మీద కొత్తగా వచ్చాడు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. ఫైలు తెప్పించి నా ముందు తెరిచాడు. విషయం: పాత టైర్ల తొలగింపు. చర్య: పూర్తయినది. ఆధారం అన్న చోట నా వార్త క్లిప్పింగు అంటించి ఉంది, ఫొటోతో సహా.

“మీరే రాశారు కదండీ అయిపోయిందని. ఇప్పుడు కాలేదంటే నేనేం చేయనండీ?”

వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ముప్పై ఏళ్లలో నా వార్తను ఇంత జాగ్రత్తగా దాచినవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు ఇంటికొచ్చి, తప్పు రాశాను, టైర్లు ఫలానా ప్లాటులోనే ఉన్నాయని మళ్లీ వార్త పంపాను. డెస్కు నుంచి కుర్రాడు ఫోన్ చేసి, అది పాత సంగతి కదా సార్ అన్నాడు. నాలుగు లైన్లు వచ్చింది, లోపలి పేజీలో, ఒక వెంచర్ ప్రకటన కింద. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో తీసేశారు. ప్లాటులో టైర్లతో ఇబ్బందులు అని మిగిలింది.

పోయిన నెలలో ఆ పిల్లకు మళ్లీ జ్వరం వచ్చింది. గురువారం సాయంత్రం మొదలైంది. ఆమె బడికి సెలవు పెట్టింది, అలాంటి పని ఆమె ఎన్నడూ చేయలేదు. మూడు రోజులు ఆ ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గరికి పోలేదు, మా ఇంటి నుంచి అన్నం పోయింది. ఆమె గంటకోసారి బిడ్డ చిగుళ్లు చూసేది. దీపం పట్టుకొని కాదు, ఫోన్ లైటు వేసి, పెదవి ఎత్తి. పిల్ల విసుక్కొని, “నోరు మూసుకొనియ్యవా అమ్మా” అంటే, మూసుకుందువు, ఒక్కసారి తెరువు అనేది. నాలుగో రోజు పరీక్ష కాగితం వచ్చింది. డెంగీ కాదు, మామూలు జ్వరం. ఆమె ఆ కాగితం మడిచి బొడ్లో దోపుకొని, అదే రోజు బిడ్డను బస్సెక్కించి మునగాలలో ఉన్న తమ్ముడి ఇంటికి పంపింది. అక్కడ స్లాబు ఇల్లు. పిల్ల అక్కడి నుంచే కాలేజీకి పోయి వస్తున్నది. ప్లాటు ఖాళీ అయినంకనే తోలుకొస్తానని చెప్పింది. రేకుల మీదివి నేను ఎక్కి దించుకుంట, ఆ కుప్పను మాత్రం నేనొక్కదాన్ని మొయ్యలేను అన్నది.

నేను చేయగలిగింది ఒకటి చేశాను. నా వార్త తప్పని, దాన్ని ఆధారంగా తీసుకోవద్దని తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. పూర్తయిన ఫైలును విలేకరి ఉత్తరంతో తెరవడం కుదరదట. పని పూర్తయిందని అప్పుడు సంతకం చేసినవాళ్లలో ఎవరో ఒకరు, కాలేదని మళ్లీ సంతకం చేయాలి. వాళ్లు ముగ్గురు. ఒకరు రిటైరయ్యారు, ఒకరు బదిలీ మీద పోయారు, మూడో ఆయన అదే ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుంటాడు. నిన్నటి దాకా ఎవరూ సంతకం చేయలేదు.